పశువైద్యంలో మత్తు ఇంజెక్షన్లు: సూదికి ముందు తూకం, ఆ తర్వాత కాపలా

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురం. 2024 సెప్టెంబరు వరకు ఆ నగరం పేరు పోర్ట్ బ్లెయిర్. అందులోని షాదీపూర్ వంటి వాడల్లో పెంపుడు కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలన్నా, శివారు పల్లెల్లో మేక విరిగిన కాలిని సరిచేయాలన్నా, అడవి అంచున వలలో చిక్కుకున్న జింకను విడిపించాలన్నా పశువైద్యుని సంచిలో ముందుగా ఉండవలసినది మత్తు ఇంజెక్షన్. నొప్పి తెలియకుండా చేయడం, కదలకుండా నిలపడం, భయాన్ని అణచడం అనే మూడు పనులు ఈ మందుల వల్ల జరుగుతాయి.

అండమాన్ నికోబార్ సముదాయంలో దీవులు, ద్వీపికలు, రాతి దిబ్బలు అన్నీ కలిపి 836 ఉన్నాయి. జనావాసం ఉన్నవి సుమారు 30 మాత్రమే. చెన్నై, విశాఖపట్నం తీరాల నుంచి రాజధానికి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం. బెంగాలీ, హిందీ, తమిళ భాషీయుల తర్వాత ఇక్కడ ఎక్కువ సంఖ్యలో ఉన్నది తెలుగువారే. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వారిలో అనేకం. ఇలాంటి చోట పశువు దగ్గరికి వైద్యుడు పడవెక్కి వెళ్లవలసి రావచ్చు. పెద్ద యంత్రాలు వెంట రాని ఆ ప్రయాణంలో సీసా, సూది మాత్రం సంచిలో ఇమిడిపోతాయి. ఇంజెక్షన్ మత్తుకు ఉన్న గొప్ప అనుకూలత అదే. దాని ప్రమాదం కూడా దానితోనే వస్తుంది: ఒకసారి ఒంట్లోకి ఎక్కించిన మందును వెనక్కి లాగడానికి వీలులేదు. అందుకే సూది వేయడానికి ముందు జంతువు బరువు చూడడం, వేసిన తర్వాత అది పూర్తిగా లేచేవరకు కనిపెట్టి ఉండడం ఈ వైద్యంలో మందు ఎంపిక కంటే తక్కువ ముఖ్యం కావు.

వాయువు, సూది: రెండు మార్గాలు

జంతువుకు పూర్తి మత్తు ఇవ్వడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఐసోఫ్లూరేన్ వంటి మత్తువాయువును ఆక్సిజన్‌తో కలిపి ఊపిరితిత్తులకు పంపడం. మోతాదు ఎక్కువైతే మీట తిప్పి తగ్గించవచ్చు. పీల్చిన వాయువులో అధిక భాగం ఊపిరితోనే బయటకు పోతుంది. అయితే దీనికి మందును ఆవిరిగా మార్చే పరికరం, ఆక్సిజన్ సిలిండర్లు, శ్వాసనాళంలోకి గొట్టం వేసే నైపుణ్యం కావాలి.

రెండోది ఇంజెక్షన్. మందును సిరలోకి గాని, కండరంలోకి గాని, కొన్నింటిని చర్మం కిందికి గాని ఇస్తారు. సిరలోకి ఇస్తే అర నిమిషం నుంచి నిమిషంలోపు పని మొదలవుతుంది. కొద్ది కొద్దిగా ఇస్తూ జంతువు స్పందన చూసి ఆపవచ్చు. కండరంలోకి ఇచ్చినప్పుడు పూర్తి మోతాదు ఒకేసారి లోపలికి పోతుంది. పని మొదలు కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. లొంగని పిల్లికి, వీధికుక్కకు, అడవి జంతువుకు ఈ పద్ధతి తప్పదు.

నేటి సిరంజి రూపానికి 1853 మూలం. ఆ ఏడాది స్కాట్లాండ్‌లో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్స్‌లో చార్లెస్ ప్రావాజ్ వేర్వేరుగా దీనిని వాడుకలోకి తెచ్చారు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి భాగం నుంచి చాలా కాలం పాటు గుర్రాలకు, పశువులకు క్లోరల్ హైడ్రేట్ ఇచ్చేవారు. నిజమైన మలుపు 1934లో థయోపెంటాల్ రాకతో వచ్చింది.

మందు ఒంట్లో ఏం చేస్తుంది

థయోపెంటాల్ పనితీరు తెలిస్తే ఇంజెక్షన్ మత్తులోని కీలకం బోధపడుతుంది. సిరలోకి వెళ్లిన ఈ మందు కొవ్వులో తేలికగా కలిసే గుణం వల్ల క్షణాల్లో మెదడును చేరుతుంది. జంతువు కూలబడుతుంది. పది పదిహేను నిమిషాల్లో మళ్లీ కదలిక కనిపిస్తుంది. దీనిని చూసి మందు ఒంట్లోంచి పోయిందని అనుకోరాదు. అది మెదడు నుంచి కండరాలకు, అక్కడి నుంచి కొవ్వుకు చేరుకుంది, అంతే. కాలేయం దానిని విరగ్గొట్టి బయటకు పంపడానికి గంటల సమయం పడుతుంది.

ఆపరేషన్ సాగుతూ ఉండగా మరో మోతాదు, ఇంకో మోతాదు ఇస్తూపోతే కండరాలు, కొవ్వు నిండిపోతాయి. ఇక మందుకు వెళ్లే చోటు ఉండదు. అప్పుడు జంతువు గంటల తరబడి లేవదు. బక్కపలచగా, కొవ్వు తక్కువగా ఉండే గ్రేహౌండ్ వంటి వేటకుక్కలు థయోపెంటాల్ నుంచి చాలా ఆలస్యంగా మేలుకోవడానికి ఇదొక కారణం. వాటి కాలేయం ఈ మందును నెమ్మదిగా విరగ్గొట్టడం మరో కారణం. దక్కనులో పెంచే ముధోల్ వేటకుక్కలదీ అదే దేహనిర్మాణం కనుక వాటి విషయంలోనూ జాగ్రత్త పాటిస్తారు. ఈ మందుకు క్షారగుణం అధికం. సూది జారి సిర వెలుపల పడితే ఆ చోట కండ కుళ్లి ఊడిపోతుంది.

ప్రధానమైన మందులు

ప్రొపోఫోల్: పాలలా తెల్లగా ఉండే ఈ మందును నేడు ప్రపంచమంతటా మనుషుల శస్త్రచికిత్సల్లో వాడుతున్నారు. దీనిని కనుగొన్న ఇయాన్ గ్లెన్ స్కాట్లాండ్‌కు చెందిన పశువైద్యుడు. బ్రిటన్‌లోని ఐసీఐ సంస్థలో పనిచేస్తూ 1973లో ఆయన ఈ పదార్థానికి మత్తు గుణం ఉందని గుర్తించారు. 1986లో ఇది బ్రిటన్ విపణిలోకి వచ్చింది. 2018లో ఆయనకు లాస్కర్ పురస్కారం లభించింది. ప్రొపోఫోల్ మత్తు అయిదు నుంచి పది నిమిషాల్లో దిగుతుంది, జంతువు తేటగా లేస్తుంది. వేగంగా ఇస్తే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. సోయా నూనె, గుడ్డు పదార్థాలతో కూడిన మందు కావడంతో మూత తీసిన సీసాలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి. సిరలోకి మాత్రమే ఇవ్వాలి.

కెటమిన్: అమెరికాలోని పార్క్ డేవిస్ సంస్థ కోసం కాల్విన్ స్టీవెన్స్ 1962లో తయారు చేసిన మందు ఇది. 1964లో మనుషులపై తొలి పరీక్ష జరిగింది, 1970లో అమెరికా ఆమోదం లభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలోనూ దీనికి చోటుంది. ఇతర మత్తుమందుల్లా ఇది మెదడునంతటినీ నిద్రపుచ్చదు. ఒంటి నుంచి వచ్చే సమాచారానికి, దానిని గ్రహించే మెదడు భాగానికి మధ్య లంకెను తెంచుతుంది. అందుకే కెటమిన్ ఇచ్చిన పిల్లి కళ్లు తెరిచే ఉంటుంది, మింగే స్పందన కొంత మిగిలే ఉంటుంది. రెప్ప వేయని కన్ను ఎండిపోకుండా మలాం రాయాలి. గుండె వేగాన్ని ఈ మందు అంతగా అణచదు, ఊపిరినీ చాలావరకు నిలుపుతుంది. పరికరాలు లేని చోట దీనికి ఆదరణ దక్కడానికి కారణం అదే. అయితే ఒంటరిగా ఇస్తే కండరాలు బిగుసుకుంటాయి, చొంగ కారుతుంది, లేచేటప్పుడు జంతువు కలవరపడుతుంది. పిల్లుల్లో ఈ మందు ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే పోతుంది. కాబట్టి మూత్రపిండాలు చెడిన పిల్లికి మత్తు ఎంతసేపటికీ దిగకపోవచ్చు.

జైలాజిన్: జర్మనీకి చెందిన బేయర్ సంస్థ 1962లో రూపొందించింది. ఇది ప్రధానంగా మగతను, కండరాల సడలింపును, కొంత నొప్పి నివారణను ఇస్తుంది. గుండె వేగాన్ని బాగా తగ్గిస్తుంది. పిల్లులకు తరచుగా, కుక్కలకు కొన్నిసార్లు వాంతి చేయిస్తుంది. కెటమిన్ బిగించిన కండరాన్ని జైలాజిన్ వదులు చేస్తుంది. కెటమిన్ గుండెను పరుగెత్తిస్తే జైలాజిన్ నెమ్మదింపజేస్తుంది. ఈ పొందిక వల్లనే పశువైద్యంలో వీటి జోడీ స్థిరపడింది. పైగా దీనికి విరుగుడు ఉంది. యోహింబిన్ గాని అటిపమెజోల్ గాని ఇస్తే మగత దిగుతుంది. మెడిటోమిడిన్ ఇదే వర్గంలో మరింత శక్తిమంతమైన మందు.

డయాజిపామ్, మిడాజొలామ్: వీటిని కెటమిన్‌తో కలిపి కండరాల సడలింపు కోసం ఇస్తారు. ముసలి కుక్కలకు, గుండె బలహీనంగా ఉన్న జంతువులకు జైలాజిన్‌కు బదులుగా వైద్యులు ఈ జోడింపు వైపు మొగ్గు చూపుతారు. ఇదే సూత్రంపై టైలెటమిన్, జోలజిపామ్ కలిపిన మందు ఒకే సీసాలో పొడి రూపంలో వస్తుంది.

నిలబెట్టే చేసే ఆపరేషన్లు

ఆవు, గేదె, ఎద్దు విషయంలో పూర్తి మత్తు చివరి మార్గం. నెమరువేసే పశువు పక్కకు పడిపోతే పొట్టలో వాయువు పోగై ఉబ్బరం వస్తుంది. నోటికి ఎక్కివచ్చిన మేతనీరు శ్వాసనాళంలోకి జారితే ప్రాణమే పోవచ్చు. అందువల్ల స్థానికంగా స్పర్శ పోగొట్టే లిగ్నోకెయిన్‌పై వైద్యులు ఎక్కువగా ఆధారపడతారు. స్వీడన్ శాస్త్రవేత్త నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో రూపొందించిన ఈ మందు నరం వెంట సంకేతం నడవకుండా అడ్డుకుంటుంది.

డొక్కలో వరుసగా ఇస్తే కడుపు కోత ఆపరేషన్‌ను పశువు నిలబడి ఉండగానే చేయవచ్చు. తోక మొదట్లో వెన్నుపూసల సందున ఇస్తే ఈనేటప్పుడు ముక్కడం ఆగుతుంది, అడ్డం తిరిగిన దూడను సరిచేయడానికి వీలు కలుగుతుంది. కొమ్ము తొలగించాలంటే కంటికి, కొమ్ముకు మధ్య ఉన్న నరం దగ్గర ఇస్తే చాలు. మేకలకు మాత్రం లిగ్నోకెయిన్ మోతాదు సులువుగా దాటిపోతుంది. చిన్న ఒంటికి పెద్ద పశువు లెక్కలో మందు ఇస్తే మూర్ఛలు వస్తాయి. నికోబార్ దీవుల్లోని టెరెసా మేకలకైనా, తెలుగు నాట మేకలకైనా ఈ హెచ్చరిక ఒకటే.

జాతికొక లెక్క

మత్తు మోతాదుకు బరువు ఒక్కటే కొలత కాదు, జాతి కూడా కొలతే. జైలాజిన్ ఇందుకు మంచి ఉదాహరణ. గుర్రానికి ఇచ్చే మోతాదులో పదోవంతు ఆవుకు చాలు. మేకలు, గొర్రెలు కూడా దీనికి త్వరగా లొంగుతాయి. గొర్రెల్లో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరవచ్చు. పందులు ఇందుకు పూర్తిగా భిన్నం, వాటికి ఎక్కువ మోతాదు కావాలి. చూలుతో నెలలు నిండిన ఆవుకు ఇస్తే గర్భసంచి ముడుచుకుని ఈచుకుపోయే ప్రమాదం ఉంది. ఒకే మందు మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు, 100 మిల్లీగ్రాములు అనే రెండు గాఢతల్లో దొరుకుతుంది. చీటీ చదవకుండా ఒక సీసాకు బదులు మరొకటి వాడితే అయిదు రెట్ల మందు లోపలికి పోతుంది. పశువైద్యుడు కానివారు, పశువులకు సూదులు వేయడం అలవాటైన వారు సైతం ఈ మందుల జోలికి పోరాదని చెప్పడానికి ఈ ఒక్క కారణం సరిపోతుంది.

పగ్ వంటి అణగిన ముక్కు కుక్కలకు శ్వాసమార్గం ఇరుకు. మగతలో గొంతు కండరాలు సడలితే ఊపిరి ఆడదు. పాములు, తాబేళ్లు, మొసళ్లలో ఒంటి వేడి పరిసరాలను బట్టి మారుతుంది. చల్లగా ఉన్న సరీసృపంలో మందు ఎక్కడమూ ఆలస్యమే, దిగడమూ ఆలస్యమే.

అడవిలో దూరం నుంచి సూది

జంతువును ముట్టుకోకుండా మత్తు ఇవ్వడానికి సూదితుపాకీ సాధనం. న్యూజిలాండ్‌కు చెందిన కాలిన్ మర్డాక్ 1950ల్లో దీనిని రూపొందించారు. ఒకసారి వాడి పారేసే సిరంజికి రూపకల్పన చేసిన వారిలోనూ ఆయన ఒకరు. తుపాకీ నుంచి వెళ్లిన సూది తొడ కండరంలో గాని, భుజం కండరంలో గాని దిగాలి. అందువల్ల సిరలోకి మాత్రమే ఇవ్వదగిన థయోపెంటాల్, ప్రొపోఫోల్ దీనికి పనికిరావు. జైలాజిన్, కెటమిన్‌ల చిక్కని మిశ్రమం వాడతారు. జర్మనీలోని మ్యూనిక్ నగర జంతుప్రదర్శనశాల పేరిట హెల్లాబ్రున్ మిశ్రమంగా ప్రసిద్ధమైన దానిలో మిల్లీలీటరుకు 125 మిల్లీగ్రాముల జైలాజిన్, 100 మిల్లీగ్రాముల కెటమిన్ ఉంటాయి.

సినిమాల్లోలా సూది తగిలిన వెంటనే జంతువు పడిపోదు. అయిదు నుంచి పదిహేను నిమిషాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు తిరుగుతూనే ఉంటుంది. అండమాన్‌లో ఆ నిమిషాలే గండం. ఇరవయ్యవ శతాబ్ది తొలినాళ్లలో బ్రిటిష్ వారు తెచ్చి వదిలిన చుక్కల జింకలు ఇక్కడి అనేక దీవులకు విస్తరించాయి. అవి ఈదగలవు. మగతలో మడ అడవి బురదలోకో, సముద్రంలోకో దిగిన జింక నీట మునిగి చనిపోతుంది. నీటి నుంచి రక్షించినా మరో ముప్పు ఉంది. తరిమి పట్టుకున్న జింకల్లో భయం, పరుగు కారణంగా కండరాలు దెబ్బతిని, గంటల్లోనో రోజుల్లోనో మరణం సంభవించవచ్చు. అందుకే నెమ్మదిగా సమీపించడం, కళ్లకు గంతలు కట్టడం, చప్పుడు లేకుండా చూడడం మందుతో సమానమైన జాగ్రత్తలు.

ఏనుగులది మరో కథ. కలప లాగడానికి అండమాన్‌కు ఏనుగులను తెచ్చారు. 1962లో ఒక కలప కంపెనీ మూతపడ్డప్పుడు సుమారు 40 ఏనుగులను ఇంటర్‌వ్యూ దీవిలో వదిలేశారు. వాటి సంతతి అక్కడ అడవి ఏనుగులుగా మారింది. ఏనుగు రొమ్ము మీద కూలబడితే సొంత బరువే ఊపిరిని నొక్కేస్తుంది. కనుక ఆసియా ఏనుగులకు వీలైనంత వరకు నిలబడే మగతలో ఉండేలా జైలాజిన్ ఇచ్చి చికిత్స ముగిస్తారు. ఆఫ్రికాలో ఏనుగులకు, ఖడ్గమృగాలకు వాడే ఎటార్ఫిన్ మార్ఫిన్ కంటే వెయ్యి రెట్లకు పైగా శక్తిమంతం. గీసుకున్న సూది నుంచి కొద్ది బొట్లు పోయినా మనిషి ప్రాణానికి ముప్పు కనుక విరుగుడు సిద్ధంగా లేకుండా ఆ సీసా మూత తీయరు.

మన దేశంలో ఒకటో షెడ్యూలులోని వన్యప్రాణిని పట్టుకోవడానికైనా, మత్తు ఇవ్వడానికైనా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని లిఖితపూర్వక అనుమతి ఉండాలి.

వీధికుక్కలు, సముద్ర తాబేళ్లు

అండమాన్ నికోబార్‌ను, లక్షద్వీప్‌ను రేబిస్ లేని ప్రాంతాలుగా చాలాకాలంగా పరిగణిస్తున్నారు. అయినా ఇక్కడ వీధికుక్కల సంఖ్యను అదుపు చేయవలసిన అవసరం ఉంది. ఇసుక తీరాల్లో తాబేళ్లు పెట్టిన గుడ్లను కుక్కలు తవ్వి తింటాయి. దేశవ్యాప్తంగా కుక్కల సంతాన నియంత్రణకు 2001లో నియమావళి వచ్చింది, దాని స్థానంలో 2023లో కొత్త నియమావళి అమలులోకి వచ్చింది. హైదరాబాద్, విశాఖపట్నం వంటి నగరాల్లోనైనా, దీవుల్లోనైనా ఈ కార్యక్రమానికి వెన్నెముక ఇంజెక్షన్ మత్తే. ఒక రోజులో అనేక ఆపరేషన్లు చేసే చోట ప్రతి కుక్కనూ తూకం వేయడం, మేలుకునేవరకు విడి గూటిలో ఉంచడం తప్పనిసరి. మందు మగతతోనే వీధిలోకి వదిలిన కుక్క వాహనాల కింద పడుతుంది, లేదా ఇతర కుక్కల దాడికి గురవుతుంది.

మందులపై నిఘా

మత్తు కోసం మనుషులు దుర్వినియోగం చేయడం వల్ల కెటమిన్‌పై ఆంక్షలు కఠినమయ్యాయి. భారత ప్రభుత్వం 2011లో దీనిని మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి, 2013 చివరలో షెడ్యూల్ ఎక్స్ జాబితాలోకి తెచ్చింది. వైద్యుని చీటీ రెండు ప్రతుల్లో ఉండాలి, ఒక ప్రతిని అమ్మినవారు రెండేళ్లు భద్రపరచాలి. మందు తాళం వేసిన చోట ఉండాలి.

ఈ జాగ్రత్త ఎందుకో అండమాన్ సముద్రమే చూపింది. 2019 సెప్టెంబరులో కార్ నికోబార్ సమీపాన తీరరక్షక దళం మయన్మార్ నౌక ఒకదానిని అడ్డగించి, సుమారు 1,160 కిలోల కెటమిన్‌ను స్వాధీనం చేసుకుంది. నౌకలోని ఆరుగురిని అదుపులోకి తీసుకుంది. జైలాజిన్‌దీ ఇదే బాట. ఫెంటానిల్‌లో దీనిని కలిపి అమ్మడాన్ని అమెరికా ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కొత్త ముప్పుగా ప్రకటించింది. మనుషుల్లో జైలాజిన్‌కు ఆమోదించిన విరుగుడు లేదు. పశువుల ఆసుపత్రి బీరువా తాళం ఊరి ఆరోగ్యానికి కూడా తాళమే.

మేలుకునే గంటలు

జంతువుకు అత్యంత ప్రమాదకరమైన సమయం కత్తి పడే సమయమని చాలామంది భావిస్తారు. బ్రిటన్‌లో దాదాపు 98,000 కుక్కలను, 79,000 పిల్లులను పరిశీలించి 2008లో ప్రచురించిన అధ్యయనం మరో మాట చెప్పింది. మత్తుతో ముడిపడిన మరణాలు కుక్కల్లో సుమారు 600కు ఒకటి, పిల్లుల్లో సుమారు 420కి ఒకటి, కుందేళ్లలో 72కు ఒకటి. మరణించిన కుక్కల్లో దాదాపు సగం, పిల్లుల్లో అయిదింట మూడు వంతులు ఆపరేషన్ ముగిశాకే చనిపోయాయి. వాటిలోనూ సగం దాకా తొలి మూడు గంటల్లోనే. అంటే వైద్యుడు చేతులు కడుక్కున్న తర్వాత, యజమాని ఊరట చెందిన తర్వాత ప్రాణాలు పోతున్నాయి. ఈ గంటల్లో యజమాని చేయగలిగినది చాలా ఉంది.

ఆపరేషన్‌కు ముందు: కుక్కకు, పిల్లికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటలు ఆహారం పెట్టరాదు. పశువులకు మేత దాదాపు 24 గంటలు, నీరు 12 గంటల ముందు ఆపమని వైద్యులు చెబుతారు. పాలు తాగే చిన్న పిల్లలను ఎక్కువసేపు పస్తు ఉంచరాదు. వాంతి చేసుకోలేని కుందేలుకు పస్తు అక్కరలేదు. జంతువుకు పాత జబ్బులు, వాడుతున్న మందులు, చూలు సంగతి, ముందురోజు తిన్నదీ తిననిదీ దాచకుండా చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత: నీటి తొట్టికి, మెట్లకు, ఇతర జంతువులకు దూరంగా, ఎండ, వాన తగలని పొడి చోట పడుకోబెట్టాలి. తడి గచ్చు మీద ఒంటి వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే మత్తు ఇంకా ఆలస్యంగా దిగుతుంది. మెడ నిటారుగా చాచి, నాలుక వెనక్కి జారకుండా చూడాలి. మేకను, పశువును రొమ్ము మీద కూర్చోబెట్టి, చొంగ బయటకు కారేలా మూతి కిందికి ఉంచాలి. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. అవి పాలిపోయినా, నీలంగా మారినా, ఊపిరి ఎగదన్నినా, మరీ నెమ్మదించినా, పొట్ట ఉబ్బినా వెంటనే వైద్యునికి చెప్పాలి. సొంతంగా నిలబడి, మింగగలిగేవరకు నీరు గాని మేత గాని నోట పోయరాదు.

మాంసం, పాలు ఇచ్చే జంతువుకు మత్తు ఇచ్చినట్లయితే వైద్యుడు చెప్పిన గడువు ముగిసేవరకు వాటిని వినియోగించరాదు. నికోబారీ పందులు, మేకలు పెంచే కుటుంబాలకు ఇది ముఖ్యం. బాధ తీరని స్థితిలో పెంటోబార్బిటాల్ ఇచ్చి ప్రాణం తీసిన జంతువు కళేబరంలో ఆ మందు చాలాకాలం నిలిచి ఉంటుంది. దానిని తిన్న గద్దలు, రాబందులు, కుక్కలు మరణించిన ఉదంతాలు అనేక దేశాల్లో ఉన్నాయి. అలాంటి కళేబరాన్ని లోతుగా పూడ్చాలి, తీరంలో పారవేయరాదు.

మత్తు ఇంజెక్షన్ ఇవ్వడం నిమిషం పని. దానికి ముందు తూకం, ఆరా కలిపి పావుగంట, తర్వాత కాపలా కొన్ని గంటలు. పశువు ప్రాణం ఎక్కువగా ఆధారపడేది ఆ రెండో లెక్క మీదే.